మైనస్ యాభై

ఆ ఎక్స్‌చేంజిని మూసేస్తున్నారు, అక్కడ పనిచేసిన పాతవాళ్ళందరికీ శాలువాలు కప్పుతారు, తప్పకుండా రావాలి అని కబురు వస్తే ఖమ్మంలో బస్సెక్కాను. బూర్గంపాడు దాటి కొంత దూరం పోయాక, అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊరు అది. పేరు రాయను. నా ఉద్యోగంలో మొదటి మూడేళ్ళు అక్కడే గడిచాయి. వెళ్ళేసరికి బ్యాటరీ గదికి తలుపు లేదు. లోపల ఎవరో మేకల్ని కట్టేస్తున్నారు. సీసం కోసం పగలగొట్టిన సెల్లుల పెంకులు ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి, వాటి మీద మేకపెంటికలు. గోడల మీద గుట్కా ఉమ్మిన చారలు. ఆ గోడకు అవతలి పక్కనే షామియానా, బంతిపూల దండలు, మైకు. గాలి ఇటు తిరిగితే మేకల కంపు, అటు తిరిగితే బిర్యానీ వాసన.

వేదిక మీద నా పక్కన మా అప్పటి ఇంజనీరు సారు కూర్చున్నారు. ఎనభై దాటాయి ఆయనకు. ముందు వరుసలో సెల్ టవర్ల మీద పనిచేసే కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకడు లేచి, "మేడం, బండ్లకు, సోలార్లకు అన్నిటికి మైనస్‌ను బాడీకి కడ్తరు. మా టవర్లల్ల మాత్రం ప్లస్సును భూమికి కట్టి మైనస్ నలభై ఎనిమిది మీద నడిపిస్తరు. గిట్ల ఉల్టా ఎందుకు?" అని అడిగాడు. సారు మైకును నా వైపు తోశారు. నేను చెప్పాను. నేలలో తడి ఉంటుంది. తీగ ప్లస్సులో ఉంటే కరెంటు తీగలోంచి ఆ తడిలోకి దిగుతుంది, దిగుతూ రాగిని కూడా కొంచెం కొంచెంగా మోసుకుపోతుంది. తీగ మైనస్సులో ఉంటే రాగి కదలదు. అప్పుడు కరిగేది నేలలో పాతిన కడ్డీ. కడ్డీ పోతే ఇంకోటి పాతుకుంటాం గానీ, మైళ్ళ కొద్దీ కేబుల్ తవ్వి మళ్ళీ వేయలేం. ఆ పాత ఏర్పాటే మీ టవర్ల దాకా నడిచి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు సారు మైకు తీసుకున్నారు. "మా రోజుల్లో ఇక్కడ ఒక లైన్‌మన్ ఉండేవాడండీ. పనిదొంగ. వాడు వేసిన అతుకులన్నీ కుళ్ళిపోయాయి. వాణ్ణి ఇక్కణ్ణుంచి పంపించాకే ఈ ఎక్స్‌చేంజి బాగుపడింది. మంగకు తెలుసు. ఏమ్మా మంగా?" అన్నారు నా వైపు తిరిగి. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నావి కూడా ఉన్నాయి. అది గమనించి చేతులు ఒళ్ళో పెట్టుకునేసరికి నోట్లో పులిసిన నీళ్ళు ఊరాయి. బయటికి పోయి గోడ దగ్గర ఉమ్మేశాను. ఎన్నిసార్లు ఉమ్మినా ఆ పులుపు పోలేదు. ఆ లైన్‌మన్ పేరు సాంబయ్య. చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు.

నేను తండా పిల్లను. ఇంట్లో మంగ్లీ, ఆఫీసు రిజిస్టరులో మంగ. మా తండాలో సర్కారు నౌకరీ వచ్చిన మొదటి ఆడపిల్లనని, పోస్టింగు కాగితం వచ్చిన రోజు మా బాపు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని నాలుగు తండాలు తిరిగాడు. ఆ కాగితం పట్టుకుని ఈ ఊళ్ళో దిగితే కిరాయికి గది దొరకలేదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్ద రైతుల వీధిలో రెండిళ్ళు ఖాళీగా ఉండేవి. మొదటి ఇంటావిడ నా ఊరు అడిగింది, ఇంటి పేరు అడిగింది, తర్వాత బావి దగ్గర నీళ్ళ ఇబ్బంది ఉందంది. రెండో ఇంటావిడ అంత కష్టపడలేదు. "తండా వాళ్ళకు ఇవ్వం" అని తలుపేసింది. రేకు పెట్టె మీద కూర్చుని ఏడుస్తుంటే, కేబుల్ చుట్ట భుజాన వేసుకుని వస్తున్న మనిషి ఆగి, "ఎక్స్‌చేంజికి వచ్చిన కొత్త పిల్లవు నువ్వేనా? ఈడ కూసున్నవేంది బిడ్డా? మా ఇంట్ల అటక కింద అర్ర ఉన్నది. రాజమ్మను అడుగుదాం పా" అన్నాడు. రాజమ్మ నన్ను ఏ ఊరని అడగలేదు. అన్నం తిన్నావా అని అడిగింది.

ఆ ఇంట్లో పొద్దు ఎలా మొదలయ్యేదో ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. సాంబయ్యను కాకా అని, ఆయన భార్య రాజమ్మను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. చిన్నమ్మ తెల్లారగానే కట్టెల పొయ్యి మీద జొన్నగట్క ఎక్కించేది. వాకిట్లో చాప మీద ఎండాకాలం ఇప్పపూలు, తర్వాత మిరపకాయలు ఆరుతూ ఉండేవి. ఆ తియ్యటి వాసన, ఈ ఘాటు రెండూ ఇంటి గోడల్లోకి ఇంకిపోయాయి. కాక పంపు దగ్గర కూర్చుని మోచేతుల దాకా బూడిదతో రుద్దుకునేవాడు. కేబుల్ మీద సీసం తొడుగు ఉంటుంది. ఆ సీసం చేతుల్లో ఉండగా అన్నం ముట్టకూడదని ఆయన నియమం. ఎంత రుద్దినా గోళ్ళ కింద బూడిదరంగు పోయేది కాదు, అందుకని గట్క చెంచాతోనే తినేవాడు. ఆయన చొక్కాలన్నిటికీ యాసిడ్ చుక్కలు పడి సన్నటి చిల్లులుండేవి. చిన్నమ్మ ఒక్కో చిల్లికీ మాసిక వేస్తూ, "నీ అంగి కంటె జల్లెడ నయం" అని తిట్టేది. ఆయన నవ్వేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పని గురించి అడిగితే మాత్రం ఆపేవాడు కాదు.

అతుకు వేయడం ఆయన దగ్గర చూడాలి. కేబుల్లో ఒక్కో తీగకూ కాగితం చుట్టి ఉంటుంది. ఆ కాగితానికి చెమ్మ తగిలితే అంతే. అందుకని అతుకు మూసే ముందు మైనం కాచి, ఆ వేడి మైనంలో కాగితం ముక్క ముంచేవాడు. నురగ వస్తే చెమ్మ ఉన్నట్టు. నురగ ఆగేదాకా, ఒక్కోసారి పూట గడిచినా సరే, గుంతలో గొంతుక్కూర్చుని మైనం పోస్తూనే ఉండేవాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు, "ఇంకెంతసేపు సాంబయ్యా?" అంటే తల ఎత్తకుండానే, "అది ఎండేదాంక" అనేవాడు.

బ్యాటరీ గది తాళం నాది. ఇరవై నాలుగు సీసపు సెల్లులు, ఒక్కోటి బిందె అంత. ఒక్కోదానిలో రెండు వోల్టులు, అన్నీ కలిస్తే నలభై ఎనిమిది. ఛార్జి అవుతుంటే యాభై చూపిస్తుంది. ఊళ్ళో కరెంటు పోయినా ఫోను పోకూడదు గనక ఆ సెల్లులు. రోజూ పొద్దున, సాయంత్రం మీటరు పెట్టి రీడింగు పుస్తకంలో రాయాలి. మీటరుకు ఎర్ర తీగ, నల్ల తీగ ఉంటాయి. ఎర్రది నేలలో పాతిన కడ్డీకి పోయే భూమి పట్టీ మీద, నల్లది కేబుల్‌కు పోయే లైను పట్టీ మీద పెట్టాలి. ముల్లు యాభై మీదికి పోతుంది, మైనస్ యాభై అని రాయాలి. నేర్చుకున్నప్పుడు నాకూ ఆ టవర్ కుర్రాడికి వచ్చిన అనుమానమే వచ్చింది. కాకను అడిగితే నోటితో చెప్పలేదు. పగిలిన కుండలో గోదావరి ఒండ్రు నింపి, ఉప్పు నీళ్ళు పోసి, రెండు రాగి తీగలు గుచ్చి, టార్చి సెల్లులకు కట్టి వాకిట్లో పెట్టాడు. చిన్నమ్మ ఆ కుండ కాలికి తగిలినప్పుడల్లా తిట్టింది. వారం తర్వాత తీగలు పైకి లాగాడు. మైనస్సు తీగ పెట్టినట్టే ఉంది. ప్లస్సు తీగ పచ్చటి జిగురు పట్టి, దారం లాగా సన్నబడి, వేలితో తాకితే తెగిపోయింది.

"చూసినవా బిడ్డా? ఎవలో ఒకలు కరగాలె. తీగ కరగొద్దని భూమిల కడ్డీని కరగనిస్తున్నం. గా ప్లస్సు తీసుకపోయి తీగకు కట్టినమనుకో, ఎంత మంచి అతుకైనా నిలవది" అన్నాడు.

ఆ ఏడు గోదావరి పొంగి, వాగు వెనక్కి తన్ని, ఎక్స్‌చేంజిలోకి మోకాలు లోతు నీళ్ళు వచ్చాయి. సెల్లులన్నీ విప్పి బల్లల మీదికి ఎక్కించారు. నీళ్ళు తీశాక, గదంతా బురద, చచ్చిన కప్పలు, కుళ్ళిన ఆకుల కంపు ఉండగానే ఇంజనీరు సారు తన బావమరిది మనుషులను తెచ్చి రెండు రోజుల్లో బిగించేశారు. ఆయన అప్పట్లో జర్దా కిళ్ళీ నమిలేవారు. బ్యాటరీ గదిలో నీళ్ళు పోయే తూము ఉండేది గనక, ఉమ్మడానికి అక్కడికే వచ్చేవారు. తూము దాకా నడిచే ఓపిక లేక గోడకే ఉమ్మేవారు. ఆ ఎర్రటి జొల్లు యాసిడ్ పడిన గచ్చు మీదికి కారి నురగలు కక్కేది. రోజూ నేనే కడిగేదాన్ని. ఇది ఎవరికీ చెప్పలేదు, రాయడం ఇదే మొదలు.

కాక అప్పుడు అడవి పక్క తెగిన లైన్లు చూడటానికి పోయి వారానికి తిరిగి వచ్చాడు. నేను తాళం తీస్తుంటే వెనకే వచ్చి, భూమి పట్టీకి బిగించిన బోల్టు చూసి నిలబడిపోయాడు. భూమికి మైనస్సు కట్టారు, లైనుకు ప్లస్సు. ఫోన్లు కలిపే బోర్డులో ఉన్న దీపాలకు, రిలేలకు ఏది ప్లస్సో ఏది మైనస్సో పట్టింపు లేదు గనక ఫోన్లు మాట్లాడుతూనే ఉన్నాయి. నాకు మాత్రం అంతకు ముందే తెలుసు. బిగించిన రోజు సాయంత్రం మీటరు పెడితే ముల్లు సున్నాకు ఇవతలికి కొట్టుకుంది. భయపడి తీగలు అటుదిటు మార్చి పెట్టాను. యాభై చూపించింది. మైనస్ యాభై అని రాశాను. రేపు సారును అడుగుదాం అనుకున్నాను. వారమంతా అలాగే రాశాను.

కాక ఆ బూటకపు రీడింగులు చూడలేదు. నేరుగా సారు దగ్గరికి పోయాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సారూ, భూమికి మైనస్సు కట్టిన్రు. ఒక్క గంట బందు పెడితే తిప్పేస్తం."

"ఫోన్లు మాట్లాడుతున్నాయా లేదా?"

"మాట్లాడ్తయి సారూ. కాని ఒకటి రెండు వానాకాలాలల్ల కేబులంత తింటది."

"బందు పెడితే కారణం రాయాలి. పని సరిగ్గా అయ్యిందని నేను సంతకం పెట్టి పంపించేశాను. ఇప్పుడు తప్పయిందని నేనే రాయనా? నువ్వు లైన్‌మన్‌వి, అతుకులు చూసుకో. బ్యాటరీ గది నీది కాదు."

కాక బయటికి వచ్చి నాతో ఒక్క మాటే అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు పుస్తకంల రాయి బిడ్డా. ప్లస్ యాభై అని రాయి. పై ఆఫీసోళ్ళు చూస్తె వాళ్ళే తిప్పిస్తరు." సరే అన్నాను. మధ్యాహ్నం సారు పిలిచారు. నా ప్రొబేషన్ ఇంకా ఏడాదిన్నర ఉందని గుర్తు చేశారు. అది పూర్తయిందని రాసే కాగితం తన చేతిలో ఉందని, తండా నుంచి ఇంత దూరం వచ్చిన పిల్లనని, తెలివిగా ఉండమని అన్నారు. అంటూనే కిటికీలోంచి ఉమ్మారు. నాకు బాపు జేబులో ఉన్న కాగితం గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మైనస్ యాభై అని రాశాను. కాక అడిగితే రాశానన్నాను. ఏమి రాశానో చెప్పలేదు.

రోజుకు రెండుసార్లు రాశాను. మొదట్లో రాసే ముందు తలుపు వైపు చూసేదాన్ని, తర్వాత చూడలేదు. ఆ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే రోత పుట్టించే సంగతి అదే. అబద్ధం అలవాటయ్యాక దానికి పని రూపం వచ్చింది. అక్షరాలు గుండ్రంగా వచ్చేలా రాయడం నేర్చుకున్నాను. పై ఆఫీసు నుంచి వచ్చినాయన పుస్తకం చూసి, దస్తూరీ బాగుందని మెచ్చుకున్నాడు.

రెండో వానాకాలానికి అతుకులు పోవడం మొదలైంది. రోజుకో లైను మూగబోయేది. కాక గుంత తవ్వి తొడుగు విప్పితే, లోపల పచ్చటి బంక. చేపల మార్కెట్లో నిల్వ నీళ్ళ లాంటి కంపు. రాగి తీగ వేళ్ళ మధ్య పొడి పొడిగా రాలిపోయేది. ఊరి జనం మొదట అడిగారు, తర్వాత తిట్టారు. హోటల్ దగ్గర ఆయన టీ తాగుతుంటే ఒక రైతు, "ఇగ టీ గూడ తాగుతున్నవా, సిగ్గులేదు" అన్నాడు. మిర్చి రేటు కనుక్కుందామని ఖమ్మానికి ఫోను చేయబోతే కలవలేదట ఆయనకు. కాక గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాడు. ఆ తర్వాత హోటల్ వైపు పోలేదు. ఇంట్లో కూడా గట్క సగమే తినేవాడు. చిన్నమ్మ నన్ను అడిగేది. "మంగ్లీ, నువ్వు ఆడనే ఉంటవు గద, ఈయన పనిల ఏం తప్పున్నది?" ఏమీ లేదు చిన్నమ్మా అనేదాన్ని. నిజమే చెప్పేదాన్ని. చెప్పి ఆమె వండింది తినేదాన్ని.

ఒక మధ్యాహ్నం అడవిలోని గూడెం నుంచి కట్లపాము కరిచిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. ఊరి డాక్టరు దగ్గర మందు లేదు. జీపులో మందు పంపమని భద్రాచలం దవాఖానాకు ఫోను చేయబోతే లైను లేదు. ట్రాక్టరు మీద తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. ఫోను కలిస్తే బతికేవాడో లేదో నాకు తెలియదు, డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. మర్నాడు అతని భార్య వచ్చి ఎక్స్‌చేంజి మెట్ల మీద కూర్చుంది. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు. సాయంత్రం దాకా కూర్చుని లేచి వెళ్ళిపోయింది. నేను ఆమె పక్కనుంచే రెండుసార్లు లోపలికి పోయి రీడింగు రాసి వచ్చాను.

దాంతో విచారణ వచ్చింది. పై అధికారి ఒకాయన వచ్చి, సారు ఇంటి నుంచి తెచ్చిన నాటుకోడి కూరతో భోంచేసి, ఎముకలు నా రీడింగు బల్ల మీద కాగితంలోనే వదిలేసి విచారణ మొదలుపెట్టాడు. కాక ఒక సంచి తెచ్చాడు. అందులో కోసిన అతుకులు. "సారూ, చూడుండ్రి. జతకు రెండు తీగలుంటయి. కుళ్ళింది ఒక్కటే, బ్యాటరీ దిక్కు తీగ. రెండోది ఎర్రగ, కొత్తదాని లెక్క ఉన్నది. నా అతుకే చెడ్డదైతే రెండూ కుళ్ళాలె గద?" అన్నాడు. ఆ పచ్చటి బంక చూసి అధికారి ముక్కు మూసుకున్నాడు. "ముందు అవి అవతల పారెయ్" అన్నాడు. తర్వాత నా పుస్తకం తిరగేశాడు. ఒక్క పేజీలో కూడా తేడా లేదు.

"ఆ పుస్తకం ఇడిసిపెట్టి మీరే మీటరు పెట్టి చూడుండ్రి సారూ" అన్నాడు కాక.

అధికారి లేవలేదు. నన్ను పెట్టమన్నాడు. తలుపులోంచి అందరికీ కనిపిస్తుంది. సారు కిళ్ళీ నమలడం ఆపారు. నేను మీటరు పట్టుకుని గదిలోకి పోయాను. ఎర్ర తీగ తీసి లైను పట్టీ మీద పెట్టాను, నల్ల తీగ భూమి పట్టీ మీద పెట్టాను. ముల్లు యాభై మీద నిలబడింది.

"ఎర్రది ఏడ పెట్టినవ్ బిడ్డా?" అన్నాడు కాక. గట్టిగా అనలేదు.

"పెట్టాల్సిన కాడనే పెట్టిన కాకా" అన్నాను.

అధికారి ముల్లు వైపు చూసి రాసుకున్నాడు. తీగల రంగు ఆయన చూడలేదు, చూసినా తెలిసేది కాదు. కాక నా చేతుల వైపు చూశాడు. తర్వాత సంచి మూతి ముడేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోతే చిన్నమ్మ అన్నం పెట్టింది. ఎప్పటిలా ఎదురుగా కూర్చోలేదు. నాలుగు రోజులకు నేనే వేరే గది చూసుకున్నాను. ఈసారి దొరికింది, సారు చెప్పారు గనక. కాకకు ఇంక్రిమెంట్లు ఆపి, ఎవరూ తెలియని జిల్లాకు బదిలీ చేశారు. వాళ్ళ సామాను ఎడ్లబండి మీద పోతుంటే ఎక్స్‌చేంజి కిటికీలోంచి చూశాను. బయటికి రాలేదు.

తర్వాత చేసింది దానికంటే నీచం. అప్పుడు మంచిపనే అనుకున్నాను. నెల తిరిగాక సారు చుట్టాల పెళ్ళికని ఊరెళ్ళారు. పట్టపగలు, అన్నాల వేళ, బోర్డు బందు పెట్టి, పానా తీసుకుని, రెండు పట్టీలూ విప్పి తిప్పి బిగించాను. ముప్పావు గంట పట్టింది. చీర కొంగు మీద యాసిడ్ పడి చిల్లులు పడ్డాయి. మీటరు పెడితే ఎర్రది భూమి మీద ఉండగానే యాభై చూపించింది. పుస్తకంలో ఎప్పటిలాగే మైనస్ యాభై అని రాశాను. ఏడాదిన్నరలో నేను రాసిన మొదటి నిజం అది. ముందరి అబద్ధాల పక్కన పెడితే ఎవరూ తేడా చెప్పలేరు.

కొత్త లైన్‌మన్ కుళ్ళిన అతుకులు కోసి కొత్తవి వేశాడు. తర్వాతి వానాకాలం ఒక్క లైను కూడా పోలేదు. ఊళ్ళో అందరూ ఒకటే మాట. సాంబయ్య పోయిండు, ఫోన్లు మంచిగైనయి. పై ఆఫీసు నుంచి సారుకు ప్రశంసాపత్రం వచ్చింది. అందులో నా పేరు కూడా ఉంది. నా ప్రొబేషన్ పూర్తయినట్టు కాగితం వచ్చింది. నేను చాటుగా దిద్దిన తప్పు, కాక మీద వేసిన అబద్ధానికి రుజువై కూర్చుంది. నోరు తెరిచి చెప్పి ఉంటే ఒక్క మాటతో పోయేది. చెప్పలేదు. మా బాపు ఆ ప్రశంసాపత్రానికి పటం కట్టించాడు.

మేము రిటైరైనవాళ్ళం కలిసినప్పుడల్లా, అప్పట్లో మనుషులు నిజాయితీగా ఉండేవాళ్ళు, ఇప్పుడే అంతా చెడిపోయింది అంటారు. టవర్ల దగ్గర బ్యాటరీలు ఎత్తుకుపోతున్నారని, పాత కేబుల్ తవ్వి రాగి అమ్ముకుంటున్నారని చెప్పుకుని ముక్కు మీద వేలు వేసుకుంటారు. నిజమే, ఎత్తుకుపోతున్నారు. కానీ దొంగ వచ్చి దొంగలాగే పోతాడు. మేము తాళంచెవి నడుముకు దోపుకుని, గుండ్రటి అక్షరాలతో రాస్తూ కేబుల్ తినేశాం. ఇప్పుడు టవర్లో రీడింగు దానంతట అదే పోతుందట, మనిషి చెయ్యి అక్కర్లేదట. నాలాంటి చేతుల్ని చూశాకే ఆ ఏర్పాటు చేసి ఉంటారు.

శాలువా తీసుకుని వచ్చిన మర్నాడు తిరుమలాయపాలెం పోయాను. ఆ పక్క ఊళ్ళో రాజమ్మ చిన్నమ్మ తన చెల్లెలి ఇంట్లో ఉంటోందని విన్నాను. ఖమ్మం నుంచి గంట దూరం కూడా లేదు. కాక రిటైరై అక్కడికి వచ్చి ఇన్నేళ్ళున్నాడు, నేను ఒక్కసారి పోలేదు. చిన్నమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. మనిషి పూర్తిగా వంగిపోయింది.

"చిన్నమ్మా, నేను మంగ్లీని."

"ఎరికే. కండ్లు పోలేదు నాకు. కూసో."

కూర్చుని అంతా చెప్పాను. పుస్తకం, ఎర్ర తీగ, తర్వాత నేనే తిప్పడం, నిన్న సారు అన్న మాట. పది నిమిషాలు పట్టలేదు. ఆమె చేతులు ఆగలేదు.

"గిది చెప్పనీకి వచ్చినవా?"

"అవ్ చిన్నమ్మా."

"మీ కాకకు ఆనాడే ఎరికే. ఇంటికొచ్చి నాకు చెప్పిండు. నువ్వు మల్ల తిప్పినవని గూడ ఎరికే. భూమిల కడ్డీ మల్ల కరుగుతున్నదని కొత్త లైన్‌మన్ చెప్పిండట."

"మరి ఎందుకు ఊకున్నడు?"

"ఎవలు చెప్పిన్రు ఊకున్నడని? నాలుగు దరఖాస్తులు పెట్టిండు. ఎవలు సదివిన్రు? ఒక్కదాంట్ల గూడ నీ పేరు రాయలే. తండ పిల్ల, నౌకరి పోతదన్నడు. గది ఆయన బుద్ధి. నా బుద్ధి గట్ల కాదు." ఆమె మొదటిసారి తల ఎత్తింది. "నీ మొకం చూస్తుంటె నాకు రోత పుడ్తున్నది. ఉన్న మాట చెప్తున్న."

"నాకు గూడ పుడ్తున్నది చిన్నమ్మా."

"పుడితే నీ కాడనే పెట్టుకో. నాకు ఎరికైన ముచ్చట మల్ల నాకే చెప్తె ఏమొస్తది? తెల్వనోళ్ళకు చెప్పు. పో." అని, లోపలికి చూసి, "ఒసే, ఈమెకు నీళ్ళియ్యి" అని కేకేసింది. నీళ్ళు తాగి వచ్చేశాను.

శాఖకు ఉత్తరం రాశాను, ఆ విచారణ కాగితాలు తిరగతోడమని, నా వాంగ్మూలం తీసుకోమని. అంత పాత కాగితాలు నిబంధనల ప్రకారం ఎప్పుడో తగలబెట్టేశామని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఇంజనీరు సారుకు ఫోను చేశాను. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ, నీ పెన్షన్‌కు ఏమైనా ఇబ్బందా?" అన్నారు. కాదు, మీరు అబద్ధం చెప్పారు, నేనూ చెప్పాను, అన్నాను. ఆయన పెట్టేశారు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ ఊళ్ళో కేబుల్ కుళ్ళింది సాంబయ్య అతుకుల వల్ల కాదు. లైనుకు ప్లస్సు కట్టినందువల్ల. కట్టినవాళ్ళకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. ఏడాదిన్నర పాటు రోజుకు రెండుసార్లు తెలుసు.